ఎర్రబడ్డ రబ్బరు ముక్క

మా మీది పోర్షన్ టీచర్ పోయారని అమ్మ ఫోన్ చేసేసరికి నేను కాలేజీ క్యాంటీన్‌లో ఉన్నాను. "టీచరమ్మ ఇగ లేదురా. పొద్దుగాల ఛాతీల నొప్పన్నది. ఆటో తెచ్చేలోపే..." అంది అమ్మ. ఆ తరువాత ఏడుపే తప్ప మాట రాలేదు.

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. తేలిక. ఇక ఆ సంగతి ఆమెకు చెప్పాల్సిన పని లేదు అన్న తేలిక. చాలా దూరం మోసుకొచ్చిన సంచిని ఎవరో నా చేతిలోంచి అందుకున్నట్టు అనిపించింది. అరనిమిషం కూడా లేదేమో అది. వెంటనే నన్ను చూసి నాకే భయం వేసింది. మనిషి పోయిందని విని ఊపిరి పీల్చుకునేవాడు ఎలాంటివాడు?

ఆ అరనిమిషాన్ని దాచి టీచర్ గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అందుకే ముందు అదే రాశాను.

టీచర్ మాకు బంధువు కాదు. నాకు బళ్లో పాఠం చెప్పినవారూ కాదు. బోయిన్‌పల్లిలో మా ఇంటి మీది పోర్షన్‌లో అద్దెకుండేవారు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వచ్చారు. సొంతూరు ఒంగోలు దగ్గర. సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠం చెప్పి రిటైరయ్యారు. ఒంటరి మనిషి. మా నాన్నది కూరగాయల మార్కెట్‌లో ఉల్లిగడ్డల దుకాణం. వారానికోసారి ఒక సంచి ఉల్లిగడ్డ మీదికి పంపేవాడు. ఆ సంచి ఎప్పుడూ ఉతికి, నాలుగు మడతలు వేసి, లోపల ఏదో ఒకటి పెట్టి కిందికి వచ్చేది. క్రిస్మస్‌కు గులాబీ పూల పిండివంట చేస్తే డబ్బా నిండా వచ్చేవి. ఏమీ వండని వారం రెండు అరటిపళ్లైనా ఉండేవి.

టీచర్ పని చేసిన స్కూల్లో కంప్యూటర్లన్నీ ఎవరో వాడి వదిలేసినవేనట. ఒకదాని బోర్డు పోతే దాని ఫ్యాన్ ఇంకోదానికి, దాని ర్యామ్ మరోదానికి పెట్టి, ల్యాబ్ మొత్తాన్ని ఆమె ఒక్కరే నడిపించుకొచ్చారు. "చచ్చిపోయిన మిషన్ అంటూ ఉండదు నాన్నా, ఇంకోదానికి పనికొచ్చేది ఏదో ఒకటి దాంట్లో ఉంటది" అనేవారు. ఆమె పనిముట్ల డబ్బా పాత బిస్కెట్ల రేకు డబ్బా. అందులో రెండు స్క్రూడ్రైవర్లు, మెత్తటి బ్రష్షు, చిన్న టార్చి, ఒక పెన్సిల్ రబ్బరు. రబ్బరెందుకంటే, ర్యామ్ పట్టీకి కింద బంగారు రంగు పళ్లుంటాయి. వాటికి మురికి పడితే కంప్యూటర్ లేవదు. పట్టీ బయటికి తీసి, ఆ పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెడితే లేస్తుంది. మా వాడలో చాలా ఇళ్ల కంప్యూటర్లు ఆ రబ్బరుతోనే లేచాయి.

డిగ్రీలో చేరిన ఏడాది నేను నాన్న వెంటపడి గేమింగ్ కంప్యూటర్‌కు ఒప్పించాను. చదువు కోసమన్నాను. ఎవరూ నమ్మలేదు కానీ నాన్న సరేనన్నాడు. ఒక్క షరతు పెట్టాడు.

"టీచరమ్మను తోల్కపో. ఉల్లిగడ్డ నేను చూస్త, కంప్యూటర్ ఆమె చూస్తది."

నా దోస్తులందరూ వీడియోలు చూసి, పార్టులు వాళ్లే ఎంచుకుని, వాళ్లే బిగించుకున్నారు. నేను మాత్రం నేత చీర కట్టుకుని, గుడ్డ సంచి పట్టుకున్న పెద్దావిడ వెనక, కంప్యూటర్ షాపులుండే పార్క్ లేన్‌కు వెళ్లాలి. బస్సెక్కాక టీచర్ ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చున్నారు. నేను వెనక్కి వెళ్లి నిలబడ్డాను. మేమిద్దరం కలిసి వెళ్తున్నామని ఎవరికీ తెలియదు కదా అని సంతోషపడ్డాను. అంత చిన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

షాపులో కుర్రాడు నాతోనే మాట్లాడాడు. "భయ్యా, ఈ ర్యామ్ చూడు. ఫుల్ లైట్లు. రూం మొత్తం మెరుస్తది."

నేను ఆ పెట్టె వైపు చెయ్యి చాచేలోపు టీచర్ సంచిలోంచి చిన్న స్కేలు తీశారు. పిల్లల కంపాస్ బాక్సులో ఉండే స్కేలు.

"ఇది ఒకసారి విప్పుతావా బాబూ?"

"ఎందుకు మేడమ్?"

"ఎత్తు చూడాలి. ఇందాక చూపించావే, ప్రాసెసర్‌ని చల్లబరిచే ఆ కూలర్ దీని మీదకి వస్తుంది. ఇది పొడుగైతే అది కూర్చోదు."

పక్కన ఇద్దరు నవ్వారు. నేను గోడ మీద పోస్టర్ చూస్తున్నట్టు తిరిగాను. కుర్రాడు పెట్టె విప్పాడు. టీచర్ కొలిచారు. నిజంగానే అది కూర్చోదు. కుర్రాడి మొహంలో నవ్వు పోయింది.

"సరే మేడమ్, లైట్లు లేంది ఇస్త. ఒకటే ముప్పై రెండు జీబీ తీస్కోండి. తర్వాత ఇంకోటి వేస్కోవచ్చు."

"వద్దు బాబూ, రెండు పదహారులివ్వు. ఒకే డబ్బాలో జతగా వచ్చినవి. తరువాత తెచ్చేది దీంతో కలవకపోతే పూచీ ఎవరిది?" అని నా వైపు తిరిగారు. "మీ నాన్న సంచులెట్లా మోస్తారు? రెండు చేతుల్లో రెండు. అంతా ఒక్క చేత్తో పట్టుకుంటే భుజం లాగుద్ది. ఇదీ అంతే."

ర్యామ్ అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది కూడా ఆ రోజే. "వంటింటి గట్టు లాంటిది నాన్నా. బీరువా కాదు. సరుకంతా బీరువాలో ఉన్నా, వండేటప్పుడు కావాల్సినవి గట్టు మీదే ఉండాలి. గట్టు ఇరుకైతే ఎంత మంచి వంటమనిషైనా ఆగి ఆగి చెయ్యాల్సిందే" అన్నారు. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ దగ్గర నేను కక్కుర్తి పడబోతే "ముందు దీని కడుపు చూడు, తరువాత మొహం" అన్నారు. నాకు మొహమే కావాలి. చివరికి ఫ్యాన్లకు మాత్రం లైట్లు ఒప్పుకున్నారు. "వెలుగంటూ కావాలంటే ఫ్యాన్లకు పెట్టించుకో. ర్యామ్‌కి దీపాలెందుకు, అదేమన్నా గుడి మెట్లా?"

బిల్లు రాస్తూ షాపు కుర్రాడు మెల్లగా అడిగాడు. "మేడమ్ మీ అమ్మమ్మనా భయ్యా? మస్తు తెలుసు ఆమెకు."

"కాదు. మా పక్కింటామె. ఇటు ఏదో పని ఉంటే వచ్చింది."

టీచర్ నా పక్కనే ఉన్నారు. ర్యామ్ డబ్బా మీది చిన్న అక్షరాలను కళ్లజోడు పైకెత్తి చదువుతున్నారు. చదవడం ఆపలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే మా ముందు గదిలో కూర్చుని కంప్యూటర్ బిగించడం మొదలుపెట్టారు. నిజానికి బిగించింది నేను, చేయించింది ఆమె. "ముందు ఇనుము ముట్టుకో. ఒంట్లో కరెంటు దాంట్లోకి పోనీ" అన్నారు. ఏ పట్టీ ఏ గాడిలో పెట్టాలని నేను తడుముకుంటుంటే బోర్డుతో వచ్చిన పుస్తకం నా ముందుకు జరిపారు.

"ఊహించకు. చూడు."

ఆ మాట ఆమె ఎన్నిసార్లు అనేవారో! వంటగదిలో అమ్మతోనూ అదే, గ్యాస్ అయిపోయిందేమో అని అమ్మ అంటే "ఊహించడమెందుకమ్మా, ఊపి చూడు" అనేవారు. పుస్తకంలో రెండో గాడి, నాలుగో గాడి అని ఉంది. పెట్టాను. "రెండు వైపులా టక్ మనాలి. ఒక్క టక్‌తో తృప్తి పడకు" అన్నారు. రెండూ వినిపించేదాకా నా బొటనవేళ్లు నొక్కించారు.

స్విచ్ వేసే ముందు అమ్మ హారతి పళ్లెం పట్టుకుని వచ్చింది. "టీచరమ్మా, మీరేం అనుకోకుంటే జెర బొట్టు పెడ్త."

"మీ వస్తువమ్మా, నేననుకునేదేముంది. బయట ఎంతైనా పెట్టుకో. లోపల మాత్రం వద్దు. లోపల పొడి పడితే లేవదు."

అమ్మ డబ్బా మీద పసుపు, కుంకుమ పెట్టింది. టీచర్ కళ్లు మూసుకుని పెదాలు కదిపారు. ఇద్దరూ అయ్యాక నేను బటన్ నొక్కాను. ఫ్యాన్లు వెలిగాయి. తెర మీద అక్షరాలు రాగానే టీచర్ రెండు చేతులూ కలిపి చిన్నపిల్లలా ఒక్క చప్పట కొట్టారు. ఒక్కటే. తరువాత సిగ్గుపడి చీర కొంగు సర్దుకున్నారు.

ఆ వారమే నా దోస్తు ఒకడు వాళ్ల నాన్నను తీసుకొచ్చి నా కంప్యూటర్ చూపించాడు. ఆయనకు సైనిక్‌పురి వైపు చిన్న ప్రైవేటు స్కూలుంది. పిల్లలకు కొత్తగా ల్యాబ్ పెట్టాలనుకుంటున్నారు. కంప్యూటర్ లోపల వైర్లు నీటుగా కట్టి ఉండటం చూసి "ఎవరు చేసిన్రు బిడ్డా?" అని అడిగారు. అమ్మ మీదికి వెళ్లి టీచర్‌ను పిలుచుకొచ్చింది. ఇరవై కంప్యూటర్లకు ఏమేం కావాలో రాసిస్తారా, దగ్గరుండి బిగించి, వారంలో రెండు రోజులు పాఠం చెప్తారా అని ఆయన అడిగితే, టీచర్ "ప్రార్థన చేసుకుని చెప్తానండి" అన్నారు. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం ఆమె నడక మారిపోయింది.

మర్నాటి నుంచి టీచర్ చేతిలో ఫుల్‌స్కేప్ కాగితాల కట్ట. నన్ను గోడకు నిలబెట్టి "ఆరో తరగతి పిల్లలు నీ భుజం దాకా వస్తారా?" అని టేపుతో కొలిచేవారు. ఎదురింటి చిన్నపిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, దాని మోచెయ్యి ఎక్కడికి వస్తుందో చూసి బల్ల ఎత్తు రాసుకునేవారు. "ఈసారి ఎవరో వాడి పారేసినవి కాదమ్మా. కొత్తవి. పిల్లలు కొత్తవి ముట్టుకుంటారు" అని అమ్మతో అనడం నేను విన్నాను.

దసరా సెలవులకు టీచర్ ఒంగోలులో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లారు. ఆయుధపూజ రోజు నాన్న దుకాణంలో కాంటాకు పూజ చేసుకుని వచ్చాడు. అమ్మ స్కూటీకి చేసింది. "నీ డబ్బకు సుత పెట్టురా, పైన పెట్టు" అంది నాతో.

పైన బొట్టు అందరూ పెడతారు. నాకు అందరికంటే మంచి ఫోటో కావాలి. డబ్బా పక్కనున్న అద్దం విప్పాను. ర్యామ్ పట్టీలు రెండూ బయటికి తీసి ఇత్తడి పళ్లెంలో పెట్టాను. వాటి మీదే తడి గంధం రాసి, కుంకుమ అద్ది, పక్కన బంతిపూలు పెట్టి ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. ఎంతమందికి నచ్చిందో చూసుకుంటూనే పట్టీలు మళ్లీ గాడిలో పెట్టేశాను.

తెల్లారి కంప్యూటర్ లేవలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. అద్దంలోంచి చూస్తే గాడి అంచున ఎర్రగా కనపడింది. నాకు అర్థమైంది. టీచర్ వద్దన్నది నేను చేశాను. నాన్నకు తెలిస్తే ఏమంటాడో, కాలిపోయి ఉంటే ఏమవుతుందో అని భయపడ్డాను. నేను ముందుగా చేసిన పని ఆ ఫోటో తీసేయడం. రెండో పని అమ్మతో చెప్పడం. "టీచర్ ర్యామ్ సరిగ్గ పెట్టియ్యలే అమ్మా. అందుకే బంద్ అయింది."

మూడో పని ఇంకా ఘోరం. ఆ సాయంత్రం దోస్తులు "ఏందిరా, ఆటకు రాలే?" అని ఫోన్‌లో అడిగితే నవ్వుతూ అన్నాను. "ముసలామెతోని చేపిస్తే గిట్లనే ఐతది భాయ్."

అందరూ నవ్వారు. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను.

టీచర్ ఊరి నుంచి వచ్చిన రోజు నా దోస్తు, వాళ్ల నాన్న కూడా మా ఇంట్లోనే ఉన్నారు. మార్కెట్‌కు వచ్చి, ల్యాబ్ సంగతి మాట్లాడదామని ఆగారు. టీచర్ బ్యాగు మెట్ల మీదే పెట్టి, రేకు డబ్బా తెప్పించుకుని మా గదిలో కింద కూర్చున్నారు. అద్దం విప్పారు. టార్చి వేసి చూశారు. చాలాసేపు చూశారు. పట్టీ బయటికి తీసి రబ్బరుతో పళ్లు రుద్దారు. ఎప్పుడూ నల్లబడే ఆ రబ్బరు ఎర్రబడింది.

ఆమె తలెత్తి నన్ను ఒక్కసారి చూశారు. కోపం లేదు. బళ్లో ప్రశ్న అడిగి, జవాబు తెలిసిన పిల్లాడు చెయ్యెత్తుతాడేమోనని చూసే చూపు అది. నేను చెయ్యెత్తలేదు.

అప్పుడే అమ్మ టీ తీసుకుని లోపలికి వచ్చింది. టీచర్ రబ్బరును గుప్పిట్లోకి తిప్పుకున్నారు. ఎరుపు లోపలి వైపుకు.

"ఏమైంది టీచర్ గారు?" అని దోస్తు వాళ్ల నాన్న అడిగారు.

"ర్యామ్ పళ్లకి మురికి పట్టిందండి. బిగించేటప్పుడు నేనే సరిగ్గా చూసుకోలేదేమో."

"కొత్తదానికి మురికేందమ్మా?" అన్నారాయన.

టీచర్ బ్రష్షుతో గాడి శుభ్రం చేశారు. రెండు టక్‌లు. బటన్ నొక్కితే తెర వెలిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆయన టీ తాగి లేచారు. "ల్యాబ్ ముచ్చట మల్ల మాట్లాడుకుందాం టీచర్ గారు. జెర ఆలోచించుకుని ఫోన్ చేస్త."

"అలాగేనండి" అన్నారు టీచర్.

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఒక్క వాక్యం చాలు. 'కుంకుమ నేనే పెట్టాను అంకుల్.' నాలుగు మాటలు. కథలు రాస్తానని, మాటలంటే ఇష్టమని చెప్పుకునే నాకు ఆ నాలుగు మాటలు రాలేదు.

టీచర్ బ్యాగు నేను మీదికి మోశాను. తాళం తీస్తూ, నా వైపు చూడకుండా అన్నారు. "నువ్వు చెప్తావేమోనని ఆగాను నాన్నా. పర్లేదు. చెప్పగలిగినప్పుడు చెబుదువులే."

ఆ ఫోన్ రాలేదు. ల్యాబ్ పని ఏదో కంపెనీ వాళ్లకు వెళ్లింది. టీచర్ మాతో ఎప్పటిలాగే ఉన్నారు. సంచి నాలుగు మడతలతోనే కిందికి వచ్చేది. వాడలో మాత్రం ఆమెను కంప్యూటర్ చూడమని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. నేను చెప్పాలని రెండుసార్లు మీదికి వెళ్లాను. ఒకసారి ఆమె బెండకాయలు తరుగుతున్నారు. కత్తి పక్కన పెట్టి, కుర్చీ చూపించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను ఆటలో బొమ్మ ఎందుకు ఆగుతోందో అడిగాను. ఓపికగా చెప్పారు.

"ఇంకేమైనా ఉందా నాన్నా?"

"ఏం లేదు టీచర్."

"సరే" అని మళ్లీ కత్తి తీసుకున్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆమే నా చేతిలో కాగితాల కట్ట పెట్టారు. "నువ్వేదో రాస్తున్నావంట, మీ అమ్మ చెప్పింది. ఇవి ఒక పక్క ఖాళీగా ఉన్నాయి. తీసుకో." తిప్పి చూస్తే ఆమె గుండ్రటి చేతిరాత. ల్యాబ్ జాబితా. నా ముఖం చూసి "అది అయిపోయిన పనిలే. వెనక రాసుకో. రాసింది పైకి చదువుకో, తప్పు చెవికి దొరుకుద్ది" అన్నారు. నేను ఆ కాగితాలు తెచ్చి సొరుగులో అడుగున పెట్టాను. ఇది మొదలుపెట్టేదాకా మళ్లీ ముట్టుకోలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఆమె పోయారు.

టీచర్ జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక రోజు ఆమె దగ్గర చదువుకున్న వాళ్లు చాలామంది వచ్చారు. ఒకామె తన మొదటి ఉద్యోగం టీచర్ నేర్పిన టైపింగ్ వల్లే వచ్చిందని చెప్తూ ఏడ్చింది. "ఇంకెవరైనా రెండు మాటలు చెప్తారా?" అని పాస్టర్ గారు అడిగితే అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "నీకు అంత చేసింది, లేసి చెప్పు." లేచాను. అందరూ నా వైపు తిరిగారు. "టీచర్ చాలా మంచివారు" అని కూర్చున్నాను.

బయట చెప్పులు వేసుకుంటుంటే దోస్తు వాళ్ల నాన్న ఎవరితోనో అంటున్నారు. "దేవుడసొంటి మనిషి. పనే జెర పాత కాలపుది."

ఆ మాట నాది. ఫోన్‌లో దోస్తులతో నేను నవ్వుతూ అన్నదే, రూపం మార్చుకుని వచ్చింది. దాన్ని ఆమె చర్చి గుమ్మం దాకా నేనే నడిపించాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మానాన్నలకు చెప్పేశాను. నాన్న తినడం ఆపి చెయ్యి కడుక్కున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ అంది. "నేను వస్తున్ననని ఆ రబ్బర్ తిప్పుకున్నదా? నా పూజ వల్లనే ఖరాబైందని నాకు మనసుకైతదనుకున్నదేమోరా. పండుగ పూట పెట్టిన కుంకుమ గదా." తరువాత కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. నాకు అంతవరకు ఆ ఆలోచనే రాలేదు. టీచర్ నన్ను కాపాడారనుకుని సిగ్గుపడుతున్నాను. నన్నొక్కడినే కాదేమో. నేను చెప్పి ఉంటే ఆమె అమ్మ కోసం ఇంకేదో మంచి దారి వెతికి ఉండేవారు. ల్యాబ్ కూడా దక్కేది.

మర్నాడు సైనిక్‌పురి వెళ్లి దోస్తు వాళ్ల నాన్న ముందు నిలబడ్డాను. ఆ నాలుగు మాటలూ చెప్పాను. ఆయన బల్ల మీది పెన్నును కాసేపు అటూ ఇటూ జరిపారు.

"ఆమె సుత చెప్పలే గదరా."

"నేను చెప్తనని ఆగింది అంకుల్."

"మా ల్యాబ్‌ల ఏడు కంప్యూటర్లు బంద్ పడ్డయి. కంపెనోళ్లు ఫోన్ ఎత్తుతలేరు. ఆమె ఉంటే..." అని ఆగిపోయారు. తరువాత అన్నారు. "నాకొక్కనికి చెప్తే సరిపోతదా బిడ్డా? ఆ మాట నేను ఎంతమందికి చెప్పిన్నో నాకే యాదికి లేదు."

అందుకే ఇది రాసి, మీ అందరికీ చదవమని ఇస్తున్నాను. ఒక అబద్ధం నేను ఎవరికి చెప్పానో లెక్కపెట్టగలను. అది అక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో నాకు తెలియదు. అది విన్నవాళ్లలో మీరూ ఒకరైతే, దయచేసి ఇది కూడా వినండి. మా టీచర్ ర్యామ్ సరిగ్గానే పెట్టించారు. రెండో గాడిలో, నాలుగో గాడిలో, రెండు వైపులా టక్ మనేదాకా. పాడుచేసింది నేను.

గది ఖాళీ చేయడానికి ఒంగోలు నుంచి వచ్చిన వాళ్ల అక్క రేకు డబ్బా నాకిచ్చారు. "నీకివ్వమని ఎప్పుడో అనింది అబ్బాయ్" అన్నారు. విప్పితే రబ్బరు ఉంది. ఒక చివర బాగా అరిగిపోయి నల్లగా ఉంది. రెండో చివర అరగలేదు. ఆ రోజు ఎర్రబడ్డ చోటు ఎర్రగానే ఉంది. ఆ తరువాత ఆమె ఎప్పుడూ ఆ వైపు వాడలేదు.

ఇదంతా టీచర్ ఇచ్చిన కాగితాల వెనకే రాశాను. ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా వాటి మీద ఆ రబ్బరే పెట్టుకున్నాను. రాసినంతసేపు కాగితం అవతలి వైపు చూడలేదు. ఇది చివరి కాగితం. చోటు అయిపోవస్తోంది కాబట్టి ఇప్పుడు తిప్పి చూశాను. ల్యాబ్ జాబితాలో ఆఖరి వరసలు. ర్యామ్, జతలుగానే తేవాలి. కుర్చీలు, పిల్లల కాళ్లు నేలకు ఆనేవి. ఆ కింద, ఒక్కో కంప్యూటర్ దగ్గర ఒక్కో పిల్ల చేతికి అందేలా, గుండ్రటి అక్షరాల్లో టీచర్ రాసిన చివరి మాట ఉంది.

పెన్సిల్ రబ్బర్లు, ఇరవై.